మూడు చోట్ల కొలిచారు, రెండు చోట్ల వద్దన్నారు

బోరు వేయించే ముందు, నీళ్ళ కోసం నేలలోకి కరెంటు పంపి కొలిచే సర్వే చేయించాలా వద్దా అని మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను తరచూ అడుగుతున్నారు. మేం చేయించి బోరు వేశాక రెండు వేసవులు గడిచాయి. ఇప్పుడైతే గట్టిగా చెప్పగలను. చేయించండి. కానీ ఎలా చేయించాలో, ఆ సర్వే ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలుసుకుని చేయించండి. నేను తెలియక ఓ పొరపాటు చేశాను, అదీ రాస్తాను.

మాది పర్లాకిమిడి నుంచి గురండి వెళ్ళే వైపు ఓ పల్లె. ఒడిశాలో ఉన్నాం గానీ ఇంట్లోనూ సంతలోనూ మాట తెలుగే. నాలుగెకరాల మెట్ట, దాని కింద గెడ్డ (వాగు) పక్కన అరెకరం మడి. మెట్టలో మా మావయ్య వేసిన జీడితోట ఉండేది, నలభై ఏళ్ళ చెట్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వెళ్ళింది. తెల్లారి చూస్తే తోటలో నిలబడి ఉన్న చెట్లు పదకొండు. కొబ్బరి సరేసరి. మళ్ళీ మొక్కలు వేశాం. పాత చెట్లకి నీళ్ళు పెట్టే పనే ఉండేది కాదు, వాటి వేళ్ళు ఎక్కడికో పోయి తాగేవి. లేత మొక్క అలా కాదు. మొదటి రెండు మూడు వేసవుల్లో నీళ్ళందకపోతే చచ్చిపోతుంది. ఉన్న నుయ్యి ముప్పై అయిదు అడుగులు, శివరాత్రికే అడుగు కనిపిస్తుంది. మా ఆయన సైకిలుకి రెండు బిందెలు కట్టుకుని గెడ్డ దగ్గర నుంచి మెట్ట మీదికి నీళ్ళు మోసిన వేసవి నాకు కళ్ళ ముందే ఉంది. వేసిన రెండు వందల మొక్కల్లో అరవై పోయాయి.

అంతకు ముందే రెండు బోర్లు వేసి పోగొట్టుకున్నాం. 2011లో మొదటిది ఇంటి దగ్గర, మూడు వందల ఇరవై అడుగులు. పొడి తప్ప ఏమీ రాలేదు. 2017లో రెండోది వేపచెట్టు దగ్గర. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే ఆయన వచ్చి చెప్పిన చోటు. కాయ నిలబడింది, అందరం చూశాం. రెండు వందల ఎనభై అడుగులు వేశాం, తెల్లటి జిగురు బురద వచ్చింది, దాని కింద నల్లరాయి వచ్చింది, నీళ్ళు రాలేదు. రెండింటికీ కలిపి తొంభై వేల రూపాయలు. నా రెండు పేటల గొలుసు అందులోనే పోయింది. కొబ్బరికాయ ఆయన్ని నేను తప్పు పట్టను, ఆయన నమ్మి చేసే పని అది, మా దగ్గర పుచ్చుకున్నది కాయా, కండువా, అయిదు వందలూ. కానీ మూడోసారి ఆ దారిన పోయే స్థోమత మాకు లేదు.

మా మరిది బరంపురంలో పని చేస్తాడు. అతనే ఈ సర్వే వాళ్ళ సంగతి చెప్పాడు. ఓ జియాలజిస్టు, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక జీపు. పేరూ ఫోన్ నంబరూ ఇక్కడ పెట్టడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఆ పని గురించి, ఆ పని చేసే మనిషి ఎలా ఉండాలన్న దాని గురించి. ఫోన్‌లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న "మీ స్థలంలో తిన్నగా రెండు వందల మీటర్లు తీగ పరచడానికి జాగా ఉందా అమ్మా" అని. నాలుగెకరాలంటే ఎటు చూసినా నూట ముప్పై మీటర్లకు మించదు. పక్కవాళ్ళ వంగతోట లోంచి తీగ తీసుకెళ్ళాలి. వాళ్ళని ముందుగానే అడిగి ఒప్పించమన్నారు. కంచె తీగ ఎక్కడుంది, కరెంటు లైను ఎటు పోతోంది, భూమిలో ఇనప పైపులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఇనుము దగ్గరుంటే కరెంటు ఆ దారిన పోయి లెక్క తప్పుతుందట. అడవి పందుల కోసం కట్టిన కంచె తీగని ఓ వైపు ముప్పై అడుగుల మేర విప్పించారు. ఇన్ని అడిగే మనిషి వచ్చి పని చేస్తాడని నాకు అప్పుడే అనిపించింది.

2023 ఏప్రిల్లో వచ్చారు. ఎండలు ముదిరే లోపే ముగించాలని ఉదయం ఆరున్నరకే జీపు దిగారు.

పని ఎలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇదేదో భూమి లోపలికి చూసే కెమెరా అనుకుంటున్నారు. నడుమ ఒక చోట ఓ పెట్టె పెట్టారు, టిఫిన్ క్యారియరంత ఎత్తు, పక్కన బ్యాటరీ. నాలుగు ఇనప రాడ్లు. రెండు లోపల దగ్గరగా, రెండు బయట దూరంగా, అన్నీ ఒకే వరసలో. సుత్తితో జానెడు లోతు దిగ్గొడతారు, అంతే. గుంట తవ్వేది లేదు, గట్టు తెగేది లేదు, మొక్క కదిలేది లేదు. ఏప్రిల్ కదా, నేల గుల్లగా ఎండిపోయి ఉంది. అలా ఉంటే రాడ్డుకీ మట్టికీ అతుకు కుదరదట. కుర్రాడు ప్రతి రాడ్డు మొదట్లోనూ చెంబుతో ఉప్పు నీళ్ళు పోసేవాడు. మా అత్త వంటింట్లోంచి కల్లుప్పు తెచ్చిచ్చింది. "పిన్నీ, ఇంకో గుప్పెడు" అని వాడు ఆవిణ్ణి మూడుసార్లు అడిగాడు.

బయటి రాడ్ల గుండా భూమిలోకి కరెంటు పంపుతారు. లోపలి రాడ్ల మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందో కొలుస్తారు. తర్వాత బయటి రాడ్లు రెంటినీ రెండు వైపులా ఇంకాస్త దూరం జరుపుతారు, మళ్ళీ కొలుస్తారు. రెండు మీటర్ల దగ్గర మొదలుపెట్టి చెరో వైపు వంద మీటర్ల దాకా అలా జరుపుకుంటూ పోయారు. రాడ్లు దూరమయ్యే కొద్దీ కరెంటు ఎక్కువ లోతు దిగి పోతుంది, అందుకని ప్రతి కొలతలో ఇంకాస్త కింది పొర సంగతి కలుస్తుంది. ఫ్రాన్సులో ష్లంబర్జే అనే ఆయన 1912 నాటికే ఇలా నేలలోకి కరెంటు పంపి కొలిచారట. ఈ రాడ్ల వరసని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

లెక్క నాకు అర్థమయ్యేదాకా ఆయన విసుక్కోకుండా చెప్పారు. మూడో చోట ఓ కొలత నా ఎదురుగానే వేసి చూపించారు. బయటి రాడ్లు నడుమ నుంచి చెరో నలభై మీటర్ల దూరంలో ఉన్నాయి, లోపలి రాడ్ల మధ్య పది మీటర్లు. 100 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపితే 10 మిల్లీ వోల్టులు చూపించింది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే సున్నా పాయింట్ ఒకటి. ఆ దూరాలకి గుణకం 495. గుణిస్తే దాదాపు యాభై ఓమ్ మీటర్లు. అదే ఆ చోటి రెసిస్టివిటీ, అంటే అక్కడి నేల కరెంటుకి ఎంత అడ్డు పడుతోందన్నది. తడి నేల సులువుగా పోనిస్తుంది, అంకె చిన్నది. పగులు లేని ఎండు రాయి పోనివ్వదు, అంకె వేలల్లోకి పోతుంది. పెట్టె చెప్పేది ఇంతే. నీళ్ళున్నాయని అది ఎక్కడా చెప్పదు. ఆ అంకెల వెనక ఏముందో చెప్పాల్సింది మనిషే.

ఇక్కడే నా పొరపాటు.

వాళ్ళ పనితనం చూద్దామని పాత బోర్ల సంగతి నేను చెప్పలేదు. వేపచెట్టు దగ్గరి బోరు మూత మీద మట్టి కప్పించి, పైన ఎండుగడ్డి వేయించాను. మా ఆయనకి ఇష్టం లేదు, అయినా నా మాట కాదనలేదు. మొదటి చోటుగా వేపచెట్టు పక్కనే చూడమన్నాను. గంటన్నర పట్టింది. ఆయన అంకెలు ఓ కాగితం మీద చుక్కలుగా పెట్టుకుంటూ పోయారు. ఆ గ్రాఫ్ కాగితం గీతలు సమంగా ఉండవు, పోనుపోను ఇరుకవుతాయి. చుక్కలు మొదట కిందికి దిగాయి, బాగా దిగాయి. తొమ్మిది ఓమ్ మీటర్ల దాకా వచ్చి చాలాసేపు అక్కడే ఉండి, చివర్లో నిలువుగా లేచాయి. అంకె చిన్నదైతే తడి అని అప్పటికే విన్నాను కదా, నా గుండె గబగబా కొట్టుకుంది. ఆరేళ్ళ కిందట మేం తప్పు చేశామేమో, పది అడుగులు పక్కకి వేసి ఉంటే నీళ్ళు పడేవేమో అనుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇది నీళ్ళు కాదమ్మా, సుద్ద. మంచి నీళ్ళున్న మెత్తరాయి అయితే మన వైపు ముప్పైకీ ఎనభైకీ మధ్య వస్తుంది. తొమ్మిది అంటే జిగురు మట్టి. తడి ఉంటుంది, కానీ విడవదు. పిండితే చెయ్యి తడుస్తుంది, చెంబు నిండదు. దాదాపు ఎనభై అడుగుల దాకా ఇదే. దాని కింద ఒకటే రాయి. ఇక్కడ వేయకండి" అన్నారు.

2017లో ఆ బోరు నుంచి వచ్చింది అదే. తెల్లటి జిగురు, కాలికి అంటుకుంటే వదిలేది కాదు, ఎనభై ఆరు అడుగుల దాకా కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే పైపు) దింపాల్సొచ్చింది. ఆ మాట చెప్పి గడ్డి తీయించి మూత చూపించాను. ఆయన కోప్పడలేదు. కాసేపు ఆ మూత వైపే చూసి, "దీన్ని దాచారా అమ్మా? ఎండిపోయిన బోరంటే నాకు బంగారం. ఎన్ని అడుగుల్లో ఏం వచ్చిందో తెలిస్తే నా గీత సరిచూసుకోవచ్చు. ముందే చెప్పి ఉంటే ఈ మొదటి చోటు ఖర్చు మీకు మిగిలేది" అన్నారు. నిజమే. చోటుకి మూడు వేల చొప్పున లెక్క. ఆయన్ని పరీక్షించడానికి నేను మూడు వేలు ఖర్చు పెట్టాను. అంతకన్నా నాకు బాధ కలిగించింది వేరే ఉంది. మన నేల గురించి మనకి తెలిసిందంతా చెప్పాల్సిన మనిషి దగ్గరే దాచాను. మీరు సర్వే చేయిస్తే ఎండిన బోర్లు, ఎండని బోర్లు, పక్కవాళ్ళ నూతుల లోతులు, ఏ నెలలో ఎండుతాయో, తవ్వినప్పుడు ఏ రంగు మట్టి వచ్చిందో అన్నీ చెప్పండి.

తర్వాత ఆయన చెప్పింది మా నేల గురించి. ఈ తూర్పు కనుమల్లో రెండు రకాల రాళ్ళు ఎక్కువ. ఒకటి ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే దానికా పేరు పెట్టారు. కోణార్క గుడి కట్టిన రాయీ ఇదే జాతి. ఎర్రగా, తేలిగ్గా మెత్తబడుతుంది, మెత్తబడి మెత్తబడి కొన్ని చోట్ల తెల్ల సుద్దవుతుంది. రెండోది చార్నొకైట్, మనం నల్లరాయి అంటాం. అది త్వరగా మెత్తబడదు. నీళ్ళు నిలిచేది ఈ రెంటిలో ఏ రాయి పిండిలోనూ కాదు, రాయి సగం మెత్తబడి ఇసకలా గుల్లబారిన పొరలో, దాని కింద పగుళ్ళలో. పూర్తిగా మెత్తబడి సుద్దయిపోతే నీళ్ళు కదలవు, అసలు మెత్తబడకపోతే నీళ్ళకి చోటే లేదు. మనం వెతుక్కునేది ఈ రెంటి నడుమ ఉన్న పొరని. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఎర్రమట్టి మీద నడుస్తున్నాను, ఇంత చక్కగా ఎవరూ నాకు చెప్పలేదు.

రెండో చోటు ఇంటి వెనక. మా అత్త కోరిక అది, ఇంటి దగ్గరైతే మోటారు కనిపెట్టుకుని ఉండొచ్చని. అక్కడ చుక్కలు మొదటి నుంచీ పైకే పోయాయి. వెయ్యి దాటాయి, ఇంకా లేస్తూనే ఉన్నాయి. అరగంటకే ఆపేసి, "మిగతా కొలతలు తీసినా నాకు తెలిసేదేమీ లేదు, దీనికి డబ్బు తీసుకోను" అన్నారు. మాట ప్రకారం తీసుకోలేదు.

మూడో చోటు మెట్ట దిగువ గట్టుకి ఈవల, మా మావయ్య నూతికి నూట ఇరవై అడుగుల దూరంలో. మావయ్యకి ఎనభై ఒకటి. ఆ రోజంతా చింతచెట్టు కింద మంచం వేయించుకుని చూస్తూ కూచున్నారు. "నేను నుయ్యి తవ్వినప్పుడు ముప్పై అడుగుల దగ్గర ఇసక లాంటి రాయి తగిలింది, గునపానికి పొడిపొడిగా రాలేది. దాని కింద తవ్వడానికి మా దగ్గర మందుగుండు లేదు" అని చెప్పారు. ఆయన ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో, మేమెవరం పట్టించుకోలేదు. జియాలజిస్టు మాత్రం మంచం పక్కన కింద కూచుని, ఎంత లోతు, ఏ రంగు, నీళ్ళు ఏ వైపు నుంచి ఊరేవి అని అడిగి రాసుకున్నారు. ఊట గెడ్డ వైపు నుంచి కాదట, కొండ వైపు నుంచట. మావయ్య ముఖం ఆ సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది.

అక్కడ గ్రాఫ్ అందంగా వచ్చింది. పైన ఎండు మట్టి నూట ఎనభై ఓమ్ మీటర్లు, కిందికి దిగి యాభై దగ్గర ఓ లోయలా నిలిచి, మళ్ళీ నెమ్మదిగా మూడు వందలకి లేచింది. మొదటి చోట లేచినట్టు నిలువుగా లేవలేదు. నెమ్మదిగా లేస్తే మెత్తరాయి కింద వెంటనే గట్టిరాయి కాకుండా పగుళ్ళున్న రాయి ఉండొచ్చని దాని అర్థమట. ఆయన కాగితం మీద రాసిచ్చింది ఇది. యాభై అడుగుల దాకా మెత్తరాయి, నూట ముప్పై లోపు పగుళ్ళకి అవకాశం, రెండు వందలు దాటి వెళ్ళవద్దు.

ఎన్ని నీళ్ళు పడతాయని అడిగాను. చెప్పనన్నారు. "అది ఈ పెట్టెకి తెలియదమ్మా. సన్నటి పగులు బాగా లోతులో ఉంటే పైనుంచి కనిపించనే కనిపించదు. రెండు వందల మీటర్ల తీగతో నలభై మీటర్ల లోతు దాకా అయితే కొంచెం ధైర్యంగా చెప్పగలను, ఆ కింద ఊహే." చాలామంది రాడ్లు వంద మీటర్లు జరిపారు కాబట్టి వంద మీటర్ల లోతు చూశారని అనుకుంటారు. అది తప్పని ఆయనే చెప్పారు. ఉప్పదనమో, మంచిదనమో కూడా సర్వే చెప్పదు. సముద్రం వైపు టెక్కలి అవతల అంకె చిన్నగా వస్తే సుద్ద కావచ్చు, ఉప్పు నీరూ కావచ్చు.

మా వీధిలో ఇంకొకాయన ఆ మధ్యే వేరే వాళ్ళ చేత చూపించుకున్నారు. వాళ్ళు కరెంటు పంపరు, భూమిలో సహజంగా ఉండేదాన్నే కొలుస్తామన్నారు. అరగంటలో రంగుల బొమ్మ చేతిలో పెట్టారు, నీలం ఉన్నచోట నీళ్ళన్నారు. నాలుగు వందల అడుగులు వేస్తే నీళ్ళు పడలేదు. ఆ యంత్రం మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. కానీ ఆ బొమ్మని మా జియాలజిస్టుకి చూపిస్తే ఓ మాటన్నారు. నీలం అంటే నీళ్ళు కాదు, అడ్డు తక్కువగా ఉన్న చోటుకి కంప్యూటర్లో ఆ రంగు పెట్టారు, ఎరుపు పెట్టినా పెట్టొచ్చు. వరసగా చాలా రాడ్లు పాతి తీసే మంచి సర్వేల్లోనూ ఇలాంటి రంగుల బొమ్మలే వస్తాయట. బొమ్మలో రంగు చూసి మురిసిపోకుండా, ఆ రంగు వెనక అంకె ఎంత, ఆ అంకె మీ రాయికి ఏం అర్థమిస్తుంది అని అడగాలి. దానికి జవాబు చెప్పలేని వాళ్ళకి డబ్బు ఇవ్వకండి.

బోరు మే మొదటి వారంలో వేయించాం. బోరు బండి తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చినది, మన దేశంలో ఎక్కడ చూసినా అక్కడి బళ్ళే కదా. సర్వే కాగితం నా చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ప్రతి పది అడుగులకీ పొడి ఓ చాట మీద పోయించి వరసగా కుప్పలు పెట్టించాను, ఆయన అలా చేయమన్నారు. ముప్పై అడుగుల దగ్గర ఎర్రమట్టి పోయి బూడిదరంగు ఇసకలా వచ్చింది. చేతిలోకి తీసుకుంటే అందులో చిన్న చిన్న ఎర్రటి గింజలు, దానిమ్మ గింజ ముక్కల్లా మెరుస్తున్నాయి. గార్నెట్టట, ఖోండలైట్లో అది ఉంటుంది. పక్కన అభ్రకం రేకులు. మావయ్య చేతిలో పోస్తే వేలితో నలిపి, "ఇదే, ఇదే" అన్నారు.

గట్టిరాయి యాభై దగ్గర కాదు, అరవై రెండు దగ్గర తగిలింది. అక్కడ సర్వే పన్నెండు అడుగులు తప్పింది. కేసింగ్ అరవై అయిదు అడుగులు పట్టింది, నేను యాభై అయిదుకే డబ్బు చూసుకున్నాను, అప్పటికప్పుడు పక్కింట్లో చేబదులు తేవాల్సొచ్చింది. డెబ్భై దగ్గర పొడి తడిసింది. నూట పద్దెనిమిది దగ్గర రాడ్డు ఒక్కసారి జారినట్టు దిగి, బురద నీళ్ళు బండి తొట్టి ఎత్తు లేచాయి. మా అత్త ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

తర్వాత కష్టం వచ్చింది. నూట యాభై దాటాక నీళ్ళు పెరగలేదు, రాయి మారలేదు. బండి మేస్త్రీ "ఇంకో నూరు వేద్దాం అమ్మా, ఇంత దాకా వచ్చి ఆపుతారా" అన్నాడు. చుట్టూ నిలబడ్డ వాళ్ళూ అదే మాట. నీళ్ళు చూసిన కళ్ళకి ఇంకా కావాలనే ఉంటుంది. మా ఆయన నా వైపు చూశారు. సర్వే ఆయనకి ఫోన్ చేశాను, ఎత్తారు. కుప్పల రంగులు అడిగారు, చెప్పాను. "ఆపేయండి" అన్నారు. నూట ఎనభై దగ్గర ఆపించాను. అడుగుకి నూట పది చొప్పున ఆ ఒక్క ఫోన్ మాకు పదకొండు వేలు మిగిల్చింది. సర్వేకి మేమిచ్చిన మొత్తం కన్నా అది ఎక్కువ.

ఖర్చు లెక్క ఇది. బోరు నూట ఎనభై అడుగులు, 19,800. కేసింగ్ అరవై అయిదు అడుగులు, అడుగు 380 చొప్పున 24,700. సర్వే రెండు చోట్లకి ఆరు వేలు, బండి ఖర్చు పదిహేను వందలు. వెరసి 52,000. మోటారు వేరే.

ఇప్పుడు ఎలా ఉందో చెబుతాను. ఒక హెచ్‌పీ మోటారు నూట యాభై అడుగుల్లో ఉంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము నాలుగు నిమిషాల్లో నిండుతుంది. కార్తీకంలో తాడుకి రాయి కట్టి దింపితే ఇరవై ఆరు అడుగుల దగ్గర తడుస్తుంది, మే నెలాఖరుకి యాభై ఎనిమిది. రెండేళ్ళూ దాదాపు అంతే. మండు వేసవిలో మూడు గంటలు ఆడితే ధార సన్నబడుతుంది, అప్పుడు ఆపి సాయంత్రం మళ్ళీ వేస్తాం. డ్రిప్ పెట్టాక జీడి మొక్క ఒక్కటీ చావలేదు. వరి వేసే నీళ్ళు కావివి, ఆ ఆశతో ఎవరూ వేయకండి. నీటిని పర్లాకిమిడిలో పరీక్ష చేయించాం, ఇనుము కొంచెం ఎక్కువ, తాగడానికి వడపోసుకుంటున్నాం.

నచ్చనివీ చెప్పాలి. సర్వే అయ్యాక రిపోర్టు ఇవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. బోరు బండి వచ్చే రోజు దాటిపోతుందని రోజూ ఫోన్ చేయాల్సొచ్చింది. వచ్చిన రిపోర్టు ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషే. మా ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళున్నారు, ఒడియా చదివేవాళ్ళున్నారు, ఆ ఆరు పేజీలు చదివి చెప్పే మనిషి కోసం కాలేజీ కుర్రాణ్ణి పట్టుకోవాలి. పొలంలో నోటితో అంత చక్కగా తెలుగులో చెప్పిన మనిషి అదే మాట ఒక పేజీలో రాసిస్తే ఎంతమందికి పనికొచ్చేది! ఇది ఆయనకే చెప్పాను. గట్టిరాయి లోతు పన్నెండు అడుగులు తప్పడం గురించీ అడిగాను. పలచటి పొర అంకె చిన్నదైనా, మందపాటి పొర అంకె కాస్త పెద్దదైనా గీత ఒకేలా రావొచ్చని, అందుకే పక్కన తవ్విన బోరు లెక్క ఉంటే తప్పు తగ్గుతుందని చెప్పారు. మళ్ళీ అక్కడికే వచ్చాం, వేపచెట్టు మూత దగ్గరికి. కేసింగ్ డబ్బు మాత్రం రిపోర్టులో ఉన్నదానికి ఇరవై అడుగులు ఎక్కువే పెట్టుకుని ఉండండి.

ఇంకొకటి అడగాల్సింది, మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. వాన నీళ్ళు మళ్ళీ నేలలోకి దింపే గుంట ఎక్కడ తవ్వాలన్నది. అదే గ్రాఫ్ చూసి చెప్పొచ్చట. సుద్ద ఉన్న వేపచెట్టు దగ్గర తవ్వితే నీళ్ళు నిలిచి దోమలు తప్ప ఏమీ రావు, గుల్లరాయి పైకి దగ్గరగా ఉన్న చోట తవ్వాలి. తర్వాత ఫోన్‌లో అడిగి, మావయ్య నూతికి కొండ వైపున రెండు గుంటలు తవ్వించాం. మీరు సర్వే రోజే అడగండి, అదే ఖర్చులో అయిపోతుంది.

అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి తగ్గించింది రిపోర్టు కోసం. పొలంలో చేసిన పనికైతే తగ్గించడానికి నా దగ్గర కారణం లేదు. రెండు చోట్ల వద్దన్నారు, ఒక చోట డబ్బు వదులుకున్నారు, తెలియనిది తెలియదన్నారు, నా చేతిలో ఉన్న బోరుని నడుమలో ఆపించారు.

మా మరిది కాశీనగరం వైపు రెండెకరాలు కొన్నాడు, వంశధారకి దూరంగా, మెట్ట మీద. వచ్చే ఏప్రిల్ రెండో వారానికి అక్కడ చూడమని చెప్పి ఉంచాం. అక్కడ పాత యజమాని వేయించిన బోర్లు మూడున్నాయట. ఎన్ని అడుగులు, ఏ రంగు పొడి వచ్చిందని ఆయన్ని అడిగి రాసి పెట్టమని మరిదికి చెప్పాను. ఒకదాని లెక్క ఇప్పటికి దొరికింది, నూట నలభై అడుగులు, అరవై దాకా తెల్ల సుద్ద.